ఖాట్మండులో పెద్దిరాజు గారి పరుగు

తణుక్కి ఏడు మైళ్ళ దూరంలో, కాలవ గట్టున మల్లిపర్రు అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో పెద్దిరాజు గారని ఒక రైతు. మనిషి వెదురుబొంగులా పొడుగు, మాట వెన్నపూస. అసలే గోదావరి జిల్లా, అందులోనూ రాజులు, ఆపైన పెద్దిరాజు గారు. ఇక మర్యాదకి కొదవేముంటుంది? దారికి అడ్డంగా గేదె పడుకుంటే 'హేయ్' అని అదిలించడం ఆయనకి చేతనయ్యేది కాదు. "కాస్త జరుగుతారాండి" అని పక్కన నిలబడేవారు. గేదె తనకి తోచినప్పుడు లేచేది.

ఎవరేం అడిగినా కాదనడం ఆయనకి తెలీదు. దాంతో ఊరి పనులన్నీ ఆయన నెత్తినే పడేవి. "తణుకు వెళ్తున్నారటగా రాజుగారూ, మా సైకిలు ట్యూబు పట్టుకురారూ" అని ఒకరు. "మా అమ్మాయి జాకెట్లు టైలరు దగ్గరే ఉండిపోయాయండి" అని ఇంకొకరు. నిజానికి ఆయనకి తణుకులో పనేమీ ఉండేది కాదు. కానీ వెళ్తున్నారట అని నలుగురూ అనుకున్నాక వెళ్ళకపోతే ఏం బాగుంటుందని బయల్దేరేవారు.

పొద్దుటిపూట బస్సు ఒక్కటే. ఆయన ఇంటికీ స్టాపుకీ మధ్య అరిస్తే వినపడేంత దూరమే. కానీ ఆ కాస్త దూరంలోనూ అరుగులున్నాయి, అరుగుల మీద మనుషులున్నారు. ప్రతివాళ్ళకీ నమస్కారం పెట్టి, ఒకరి మోకాళ్ళ నొప్పీ ఇంకొకరి దూడ క్షేమమూ కనుక్కుని, కాఫీ తాగి వెళ్ళమంటే తాగి, ఆయన స్టాపుకి చేరేసరికి బస్సు కదిలిపోయేది. ఇక చూస్కోండి! పంచె ఎగ్గట్టి, చెప్పులు చంకలో పెట్టుకుని, "గంగయ్య గారూ, ఆపించండి గంగయ్య గారూ" అంటూ బస్సు వెనకాల పరుగు. గంగయ్య కండక్టరు. పాపం విజిలు వేసేవాడే. కానీ ఆ బస్సు ఒకసారి ఆగిందంటే పదిమంది దిగి తోస్తే గాని మళ్ళీ కదిలేది కాదు. అందుకని డ్రైవరు ఆపేవాడు కాదు.

మొదట్లో పక్క ఊళ్ళో బస్సుని అందుకునేవారు. ఎక్కి, దొరికిన సీటు ఎవరికో ఇచ్చేసి నిలబడేవారు. ఏళ్ళు గడిచే కొద్దీ బస్సు ముసలిదైపోయింది, రాజుగారి కాళ్ళు మాత్రం గట్టిపడ్డాయి. ఒకరోజు బస్సుని దాటేశారు. దాటుతూ డ్రైవరు వైపు తిరిగి, "ఏమనుకోకండి, కాస్త తొందరలో ఉన్నాను" అన్నారట. ఆ తర్వాత బస్సు సంగతే మర్చిపోయారు. తణుకు దాకా పరుగెత్తడం, ట్యూబులూ జాకెట్లూ భుజాన వేసుకుని తిరిగి పరుగెత్తుకుంటూ రావడం. నిలబడి కుదుపులు తినేకన్నా ఇదే ప్రాణానికి హాయిగా ఉందనేవారు. అలా నలభై దాటాయి ఆయనకి.

అమ్మణ్ణి గారు ఆయన భార్య. ఆవిడకో తమ్ముడు, వెంకటరాజు. రాజమండ్రి క్లబ్బులో కూర్చుని పేకాట మధ్యలో ఇంగ్లీషు పేపరు చదవడం అతని వృత్తి. ఎనభై రెండో సంవత్సరం వర్షాల్లో ఒకనాడు టాక్సీ కట్టించుకుని మల్లిపర్రులో దిగాడు.

"బావగారూ, మీరు నేపాలు వెళ్తున్నారు" అన్నాడు, ఇంకా గుమ్మంలో ఉండగానే.

"అలాగేనండి" అన్నారు పెద్దిరాజు గారు. కాళ్ళు కడుక్కోమని చెంబు అందించాక, "ఎందుకండీ?" అని అడిగారు.

సంగతేంటంటే, కార్తీక మాసంలో ఖాట్మండు పట్నంలో మారథాన్ పరుగు పెడుతున్నారు. ఏ దేశం వాళ్ళైనా రావచ్చని పేపర్లో వేశారు. అది చదివి వెంకటరాజు క్లబ్బులో, 'మా బావగారు బస్సుని దాటేస్తారు' అన్నాడు. అవతలివాళ్ళు పగలబడి నవ్వారు. దాంతో ఇతనికి పౌరుషం పొడుచుకొచ్చి, అప్పటికప్పుడు బావగారి పేరు రాసి పోస్టులో పడేశాడు.

"ఎంత దూరమండీ?"

"నలభై రెండు కిలోమీటర్లు."

అంటే ఇంచుమించు తణుక్కి రెండుసార్లు వెళ్ళి రావడం. "అక్కడ్నుంచి ఎవరికేం తేవాలండి?" అని అడిగారు పెద్దిరాజు గారు.

"ఏమీ తేనక్కర్లేదు. ఊరికే పరుగెత్తడమే."

ఎవరికీ ఏమీ తేవక్కర్లేనప్పుడు అంత దూరం పరుగెత్తడం దేనికో ఆయనకి బోధపడలేదు. అడిగితే బావమరిది నొచ్చుకుంటాడేమో అని ఊరుకున్నారు.

వంటింట్లోంచి అమ్మణ్ణి గారు తొంగి చూసి, "పశుపతినాథుడి గుడి ఆ ఊళ్ళోనే కదురా? అయితే నేనూ వస్తాను" అంది. ప్రయాణం అలా ఖాయమైపోయింది.

ఊళ్ళో వాళ్ళకి మాత్రం కాస్త వెలితి. విదేశం అన్నారు గానీ విమానం లేదు, ఓడ లేదు, సముద్రం అడ్డం రాదు, వెళ్ళేది శివుడి గుడి ఉన్న ఊరు. ఇదేం విదేశం? "నోటు మీద వాళ్ళ రాజుగారి బొమ్మ ఉంటుందిరా, విదేశం కాకపోతే ఏంటి?" అని వెంకటరాజు కోప్పడ్డాడు. రాజుగారి బొమ్మ అనేసరికి మల్లిపర్రు రాజులు సంతృప్తి పడ్డారు.

చిక్కు తెచ్చిపెట్టింది కాంపౌండరు బుల్లియ్య. "ఆ ఊరు నాలుగున్నర వేల అడుగుల ఎత్తులో ఉంటుందండి. గాలి పల్చగా ఉంటుందండి. మన గాలి గేదెపాలనుకోండి, అక్కడిది నీళ్ళు కలిపిన పాలు. పరుగెత్తితే సరిపోదండి" అన్నాడు.

మల్లిపర్రు వాళ్ళకి ఎత్తంటే తెలిసినవి మూడు. గడ్డివామి, కొబ్బరిచెట్టు, కొత్తగా కట్టిన వాటర్ ట్యాంకు. వెంకటరాజు ట్యాంకుని ఎంచాడు. రోజూ పొద్దున్నే దాని మీద కూర్చుని గంటసేపు గాలి పీలిస్తే, ఎత్తు అదే అలవాటవుతుందని అతని సిద్ధాంతం. పెద్దిరాజు గారు 'అలాగేనండి' అన్నారు, ఎక్కారు. ఎక్కి కూర్చున్నారో లేదో కింద నుంచి సత్తిరాజు గారు, "ఏంటి బాబూ, పైకెక్కారూ?" అని పలకరించారు. సత్తిరాజు గారికి డెబ్భై దాటాయి. అంత పెద్దాయన కింద నిలబడి ఉంటే తను పైన కూర్చుని మాట్లాడడమా? గబగబా మెట్లన్నీ దిగొచ్చి, నమస్కారం పెట్టి, సంగతి విన్నవించి, మళ్ళీ ఎక్కారు. ఈలోపు చెంబు పట్టుకుని పాపాయమ్మ గారు. మళ్ళీ దిగారు.

అంతే. ట్యాంకు మీద కూర్చున్న పెద్దిరాజు గారిని ఎవరూ ఎప్పుడూ చూడలేదు, మెట్ల మీదే ఉండేవారు. ఆ వింత చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి జనం వచ్చేవారు. అంత దూరం వచ్చినవాళ్ళని దిగి పలకరించకపోతే ఎలా? నెల తిరిగేసరికి ఆయన పిక్కలు రోకటిబండల్లా తయారయ్యాయి. "చూశారా, పైగాలి మహత్యం" అన్నాడు వెంకటరాజు.

నిడదవోలులో మెయిలెక్కి హౌరా, అక్కణ్ణుంచి ఇంకో రైల్లో రక్సౌల్. సరిహద్దులో నేపాలీ అధికారి సామాను విప్పమన్నాడు. అమ్మణ్ణి గారు మొదట ఆవకాయ జాడీ వాసెన విప్పింది. ఆయన ఎర్రటి నూనెకేసి అనుమానంగా చూశాడు. "అనుమానం ఎందుకు బాబూ, రుచి చూడు" అని ఆవిడ ముక్క తీసి చేతిలో పెట్టింది. అధికారి నోట్లో వేసుకున్నాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ, మిగతా మూటలు విప్పొద్దని చేత్తోనే చెప్పి పంపేశాడు.

కొండల్లో బస్సు ప్రయాణం పొద్దస్తమానం. మొదటి మలుపులోనే వెంకటరాజు కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఖాట్మండు దాకా ఇక లోపలికి తీసుకోలేదు. పెద్దిరాజు గారు సీటు ఒక ముసలమ్మకి ఇచ్చేసి, కడ్డీ పట్టుకుని నిలబడి చూస్తున్నారు. పుట్టి బుద్ధెరిగాక పచ్చటి చదును తప్ప ఎరగని మనిషి. ఆ లోయలూ ఆ కొండలూ చూడ్డానికి కడ్డీ వదలకుండానే కిటికీ వైపు వంగారు.

"అమ్మణ్ణి గారూ, మబ్బు మనకన్నా కింద ఉందండి" అన్నారు.

"మీరే చూడండి, నేను గుడి కనపడేదాకా కళ్ళు తెరవను" అందావిడ.

పరుగుకి ముందురోజు, అలవాటు కొద్దీ ఆయన లాడ్జిలోంచి తెల్లారకట్లే బయటికొచ్చి పరుగందుకున్నారు. వీధి చివరికి వెళ్ళేసరికి రొమ్ము కొలిమితిత్తిలా ఎగరడం మొదలుపెట్టింది. ఎంత పీల్చినా గాలి లోపలికి పోయినట్టే లేదు. అరుగు మీద కూలబడ్డారు. తణుకు వెళ్ళొచ్చినా రాని ఆయాసం, నూరడుగులకే. బుల్లియ్య చెప్పిన నీళ్ళపాలు గుర్తొచ్చి ఒళ్ళు చల్లబడింది. మెల్లిగా గదికొచ్చి భార్య పక్కన కూర్చున్నారు.

"నావల్ల అయ్యేలా లేదండి" అన్నారు గొంతు తగ్గించి.

"అయితే మానేయండి."

"వస్తామన్నాం కదండీ. వాళ్ళేమనుకుంటారు?"

అమ్మణ్ణి గారు మొగుడి భుజాల మీద రగ్గు కప్పింది. "మెల్లిగా వెళ్ళండి. ఇక్కడ మనకి అందుకోవాల్సిన బస్సేం లేదుగా" అంది. ఆ మాటకి ఆయన ప్రాణం కుదుటపడింది.

మర్నాడు మైదానంలో చలి కొరికేస్తోంది. నిక్కర్లు వేసుకుని గుర్రాల్లా ఎగురుతున్న తెల్లవాళ్ళు, జపాను వాళ్ళు, నేపాలు సిపాయిలు. వెంకటరాజు కొనిచ్చిన నిక్కరు పెద్దిరాజు గారూ వేసుకున్నారు. దాని మీద పంచె కట్టుకున్నారు. మోకాళ్ళు నలుగురికీ చూపించే వయసా? తుపాకీ పేలింది. వెనకవాళ్ళు తోసుకొస్తుంటే ఆయన పక్కకి తప్పుకుని, "కానివ్వండి, మీరు కానివ్వండి" అని అందరికీ దారి ఇచ్చారు. అందరూ వెళ్ళిపోయారు. ఇంకొక్కరే మిగిలారు. తలపాగాలాంటి రంగుల టోపీ పెట్టుకున్న నేపాలీ పెద్దాయన. ఎవరో రిటైరైన మాస్టారట. ఆయనా అలాగే చెయ్యి చాపి, "హజూర్, హజూర్" అంటూ దారి ఇస్తున్నాడు.

ఎవరు ముందనేది తేలక, ఇద్దరూ జంటగా బయల్దేరారు. హజూర్ అంటే వాళ్ళ భాషలో 'అయ్యా' అని. పెద్దిరాజు గారు అది ఆయన పేరే అనుకున్నారు. "హజూర్ గారూ, చలి బాగా ఉందండి" అన్నారు. మాస్టారు కూడా ఈయన మాటల్లో ఊతపదంలా వినిపిస్తున్నదే ఈయన పేరనుకున్నాడు. "అండీ జీ" అని పిలిచి, తన భాషలో ఏదో చెప్పాడు. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాకపోయినా కబుర్లు మాత్రం తెగలేదు. ఆ ఊళ్ళో అడుగుకో గుడి. గుడి కనపడినప్పుడల్లా ఇద్దరూ ఆగి, చెప్పులు విడిచినంత శ్రద్ధగా దణ్ణం పెట్టుకునేవారు. ఆ దణ్ణంలో ఊపిరి సర్దుకునేది. మళ్ళీ కదిలేవారు. మొదట్లో గుర్రాల్లా వెళ్ళినవాళ్ళు కొందరు ఎత్తు రోడ్డు దగ్గర నడుం పట్టుకుని కూర్చుని కనిపించారు. ప్రతివాళ్ళనీ ఆగి పరామర్శించి మరీ వెళ్ళారు.

అసలు గోల సగం దూరంలో జరిగింది. ఒక మలుపులో, గుడి మెట్ల మీద అమ్మణ్ణి గారు భర్త కోసం సున్నుండల డబ్బా, పులిహోర గిన్నె, ఆవకాయ జాడీ పెట్టుకుని కూర్చుంది. పక్కన వెంకటరాజు రగ్గు కప్పుకుని పడుకున్నాడు. కొండెక్కిన వికారం ఇంకా దిగలేదతనికి. ఆవిడ కళ్ళముందు పరుగెత్తే వాళ్ళు ఒక్కొక్కరే రొప్పుతూ వస్తున్నారు. "ఏ తల్లి కన్న బిడ్డలో! పొద్దున్నే ఏమీ తినకుండా ఈ పరుగేంటి?" అని ఆవిడ కడుపు తరుక్కుపోయింది. మొదట వచ్చినవాడి మణికట్టు పట్టుకుని ఆపి, చేతిలో ఒక సున్నుండ పెట్టింది. వాడు థ్యాంక్యూ అనబోతే రెండోది పెట్టింది. ఒక్కటి పెడితే బాగోదని మనకో పట్టింపు కదా.

వాడు జర్మనీ కుర్రాడు, ఆరడుగుల మనిషి. రొప్పుతూ రొప్పుతూనే ఉండ మొత్తం నోట్లో వేసుకున్నాడు. అసలే గాలి తక్కువ ఊరు, ఆపైన అంగిలికి అతుక్కునే మినపసున్ని. వాడు దగ్గాడు, తుమ్మాడు. ముక్కులోంచి పొగలా పిండి లేచింది. అమ్మణ్ణి గారు మాడు మీద తట్టి, నీళ్ళిచ్చి, కూర్చోబెట్టింది. వెనకాల వచ్చినవాళ్ళు ఇక్కడేదో పంచుతున్నారని వాళ్ళంతట వాళ్ళే ఆగారు. "షి ఈజ్ మై సిస్టర్. ప్లీజ్ ఈట్" అని రగ్గులోంచి వెంకటరాజు ప్రకటించాడు. పరుగు పెట్టించే కమిటీ ఆయన ఒకడు విజిలు ఊదుకుంటూ వచ్చాడు. అతని చేతిలో పులిహోర పెట్టేసరికి విజిలు ఆగిపోయింది.

పెద్దిరాజు గారూ, హజూర్ గారూ ఆ మలుపు తిరిగేసరికి గుడి మెట్ల నిండా రకరకాల దేశాల వాళ్ళు బంతి కూర్చుని ఉన్నారు. ఇంకొకరైతే ఇదేం చోద్యమని తల పట్టుకునేవారు. పెద్దిరాజు గారు చూసింది ఒక్కటే, చివర కూర్చున్నవాడి ముందు నీళ్ళు లేవు. "అందరికీ అందిందాండి?" అంటూ చెంబు పుచ్చుకుని వడ్డనలోకి దిగిపోయారు. హజూర్ గారికి ఆవకాయ తగిలింది. టోపీ తీసి నెత్తి తుడుచుకుని, మళ్ళీ కావాలన్నట్టు చెయ్యి చాపాడు.

తిన్నాక ఎండ కాసింది. జర్మనీ కుర్రాడు చలికోటు విప్పి, ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాడు. పెద్దిరాజు గారు అందుకుని భుజాన వేసుకున్నారు. అది చూసి ఇంకెవరో మఫ్లరిచ్చారు, ఒకాయన నీళ్ళసీసా, ఒకావిడ కెమెరా. ఆయన కాదనలేదు. మూటలు భుజం మీద బరువుగా అమరేసరికి, ఏం జరిగిందో ఏమో, కాళ్ళకి తణుకు రోడ్డు తగిలినట్టయింది. ఇంత దూరం ఎందుకు పరుగెత్తాలో ఇప్పుడు తెలిసింది ఆయనకి. ఈ సామానంతా క్షేమంగా చేర్చాలి! ఊపిరి దానంతటది వరసలో పడింది. పంచె ఎగ్గట్టి అందుకున్నారు. "ఏమనుకోకండి" అని ఒక సిపాయిని దాటారు. "కాస్త తొందరండి" అని ఇద్దరు జపాను వాళ్ళని దాటారు. రోడ్డు పక్క పిల్లలు పంచె చూసి కేకలు పెడుతుంటే, జన్మలో ఎరగని సంతోషం ఆయన గుండెలో పొంగింది. అలా పదీ ఇరవై మందిని దాటేసి, పట్నం పొలిమేరలోకి వచ్చాక ఎండ తగ్గి చలిగాలి కొట్టింది.

పెద్దిరాజు గారు ఠక్కున ఆగిపోయారు. చలికోటు తన భుజం మీద ఉంది. దాని తాలూకు కుర్రాడు ఎక్కడో వెనకాల వణుకుతూ ఉంటాడు! వెంటనే వెనక్కి తిరిగి పరుగెత్తారు. దాటినవాళ్ళందరికీ ఎదురెళ్ళి, అందరికీ మళ్ళీ నమస్కారం పెడుతూ వెళ్ళారు. కోటు కోటువాడికి, మఫ్లరు మఫ్లరువాడికి, సీసా సీసావాడికి, కెమెరా ఆవిడకి అప్పజెప్పేసరికి అందరికన్నా వెనకాల మెల్లిగా వస్తున్న హజూర్ గారు కనిపించారు. ఆయన్ని ఒంటరిగా వదిలి ముందుకెళ్ళడం ఏం మర్యాద? మళ్ళీ ఇద్దరూ జంటగా కదిలారు.

వీళ్ళు మైదానం చేరేసరికి జనం వెళ్ళిపోయారు. గీత దగ్గర కట్టిన పందిరి విప్పేస్తున్నారు. పొడుగాటి వెదురు ఒకటి మొయ్యలేక ఒకతను తంటాలు పడుతున్నాడు. "ఉండండి, ఉండండి" అని పెద్దిరాజు గారు ఒక కొస పట్టుకున్నారు. వయసులో పెద్దవాడు కాబట్టి ముందు కొస హజూర్ గారికిచ్చారు. ఇద్దరూ వెదురు భుజాన వేసుకుని గీత దాటారు. గడియారం పట్టుకున్నాయన పరుగున వచ్చి, ముందు కొస మోసినాయన చివరి నుంచి రెండో మనిషి, వెనక కొస మోసినాయన ఆఖరి మనిషి అని రాసుకున్నాడు. హజూర్ గారు వెదురు దింపి, పెద్దిరాజు గారిని కావలించుకుని, "అండీ జీ, అండీ జీ" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెద్దిరాజు గారికీ కళ్ళు చెమర్చాయి.

"ఆఖరా?" అంది అమ్మణ్ణి గారు.

"ఎవరో ఒకరు ఉండాలి కదండీ" అన్నారాయన.

వెంకటరాజు మాత్రం ఒప్పుకోలేదు. దక్షిణాది నుంచి వచ్చింది బావగారొక్కరే గనక దక్షిణాదిలో ఆయనదే మొదటి స్థానమని తేల్చి, ఆ మొదటి స్థానం అన్న ముక్క వరకూ మల్లిపర్రుకి టెలిగ్రాం కొట్టించాడు. ఊళ్ళో సన్నాయి మేళం మాట్లాడేశారని తర్వాత తెలిసింది.

మర్నాడు పశుపతినాథుడి దర్శనానికి వెళ్ళారు. దర్శనం బాగానే అయింది. వచ్చిన చిక్కల్లా నది వైపు మెట్ల దగ్గర. పెద్దిరాజు గారి తొడలు కొయ్యబారిపోయి ఉన్నాయి. ఒక్క మెట్టు దిగబోతే ప్రాణం పోయినంత పనవుతోంది. కాసేపు అటూ ఇటూ చూసి, వెనక్కి తిరిగి దిగి చూశారు. నొప్పి సగానికి తగ్గింది! పడిపోతానేమో అని చేతులు రెండూ రొమ్ము దగ్గర పెట్టుకుని, గుడి గోపురం వైపు చూస్తూ, ఒక్కో మెట్టే వెనకడుగు వేస్తూ దిగసాగారు. నొప్పికి కళ్ళు మూతలు పడుతున్నాయి, పెదాలు కదులుతున్నాయి.

మెట్ల మీద యాత్రికులు ఆగి చూశారు. దేవుడికి వీపు చూపించకూడదని ఇదేదో దక్షిణాది ఆచారం కాబోలనుకున్నారు. ముందు ఒక మార్వాడీ ముసలాయన వెనక్కి తిరిగాడు, ఆయన వెనకాల ఆయన కుటుంబం. తర్వాత కాశీ నుంచి వచ్చిన బృందం మొత్తం. కాసేపటికి మెట్ల నిండా జనం, గుడి వైపు చేతులు జోడించి, వెనక్కి వెనక్కి నదిలోకి దిగుతున్నారు.

"ఏవండీ, వీళ్ళకి చెప్పండి, తొడల నొప్పని" అంది అమ్మణ్ణి గారు నవ్వాపుకోలేక.

"అంత భక్తిగా చేస్తున్నారు, ఇప్పుడు చెబితే నొచ్చుకుంటారండి" అన్నారు పెద్దిరాజు గారు. అని, వెనకడుగు వేస్తున్న ఒక పెద్దావిడ తూలబోతుంటే చెయ్యి అందించి, "జాగ్రత్తండి, కింద మెట్టు పాకుడు పట్టింది" అని హెచ్చరించారు.